ఊపిరి నిలిపే తొలి నిమిషాలకు లెక్క ఏదీ?

ఆస్పత్రి వెలుపల శ్వాసమార్గ రక్షణ: రిజిస్ట్రీలు నేర్పుతున్న పాఠాలు

ఖరగ్‌పూర్: రోడ్డు ప్రమాదాల్లో గాయపడిన వారికి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లింపుతో నిమిత్తం లేకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే 5న నోటిఫై చేసింది. మోటారు వాహనాల చట్టంలోని 162వ సెక్షన్ ప్రకారం ఇటువంటి పథకాన్ని రూపొందించాలని సుప్రీంకోర్టు అదే ఏడాది జనవరిలో ఆదేశించిన దరిమిలా ఇది వెలువడింది. క్షతగాత్రుని ఆస్పత్రి ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు దీనితో కొంతమేరకు సమాధానం లభించినట్లయింది. అయితే ఆస్పత్రి గుమ్మం చేరడానికి ముందు, రోడ్డు పక్కనో, రైలు పట్టాల పక్కనో, అంబులెన్సులోనో అతని ఊపిరి ఏ స్థితిలో ఉంది, దానిని నిలపడానికి ఎవరు ఏమి చేశారు, ఆ ప్రయత్నం ఫలించిందా లేదా అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగల దస్త్రం జాతీయ స్థాయిలో నేటికీ లేదు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది. మృతుల లెక్క ఇంత ఖచ్చితంగా ఉన్నది గాని, వారిలో ఎందరు గాయాల తీవ్రత వల్ల మరణించారో, ఎందరు ఊపిరి ఆడక దారిలో మరణించారో విడదీసి చెప్పే లెక్క మాత్రం లేదు. మొదటి కోవకు చెందిన వారిలో చాలామందిని ఎవరూ కాపాడలేకపోవచ్చు. రెండవ కోవకు చెందిన వారిని మాత్రం శిక్షణ పొందిన రెండు చేతులు కాపాడగలవు. ఈ తేడాయే మొత్తం సమస్యకు కీలకం.

రైలు, రోడ్డు కలిసే చోటు

ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం కన్నా తగిన ఉదాహరణ అరుదు. ఆగ్నేయ రైల్వేకు చెందిన డివిజన్ కేంద్రం, పెద్ద వర్క్‌షాపు ఇక్కడ ఉన్నాయి. 1,072 మీటర్లకు పైగా పొడవైన ఇక్కడి ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరుపొందింది. చెన్నై, ముంబయిల వైపు వెళ్లే రైలు మార్గాలు ఇక్కడే చీలతాయి. కోల్‌కతా నుంచి వచ్చి బాలసోర్, విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై చేరే 16వ నెంబరు జాతీయ రహదారి ఈ పట్టణాన్ని తాకుతూ సాగుతుంది. బిలాస్‌పూర్ వైపు 49వ నెంబరు, ఉత్తర బెంగాల్ దిశగా 14వ నెంబరు జాతీయ రహదారులు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర జిల్లాల కార్మికులు తరలివచ్చి స్థిరపడినందున ఖరగ్‌పూర్‌లో తెలుగువారి సంఖ్య గణనీయంగా ఉంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించడానికి ఈ పట్టణమే ప్రధాన కారణం. ఒకే వీధిలో బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా వినిపించే ఊరిలో ప్రమాద సమాచారాన్ని ఎవరు ఏ భాషలో చెబుతారు, ఎవరు ఏమని రాసుకుంటారు అన్నది కూడా చిన్న విషయమేమీ కాదు.

ఇదే రైల్వే డివిజన్ పరిధిలో రెండు ఘోర దుర్ఘటనలు జరిగాయి. 2010 మే 28న జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, ఎదురుగా వచ్చిన గూడ్సు రైలు దానిని ఢీకొనగా దాదాపు 150 మంది ప్రాణాలు కోల్పోయారు. 2023 జూన్ 2న బాలసోర్ జిల్లా బహనాగ బజార్ స్టేషను వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 296 మంది మరణించారు. వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రి బోగీల నుంచి క్షతగాత్రులను మొట్టమొదట బయటకు లాగినవారు చుట్టుపక్కల గ్రామస్థులే. సోరో, బాలసోర్, భద్రక్, కటక్ ఆస్పత్రులకూ, కొందరిని మేదినీపూర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రికీ తరలించారు. ప్రమాదానికి కారణమైన సిగ్నలింగ్ లోపాలపై రైల్వే భద్రతా కమిషనర్ విచారణ జరిపారు. రైలు చక్రానికి ఏమి జరిగిందో నిమిషాల వారీగా తెలుసుకునే ఏర్పాటు దేశంలో ఉంది. మనిషి ఊపిరికి ఏమి జరిగిందో తెలుసుకునే ఏర్పాటు మాత్రం అదే స్థాయిలో లేకపోవడం గమనార్హం.

నాలుగైదు నిమిషాల గడువు

ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. స్పృహ తప్పి వెల్లకిలా పడి ఉన్న మనిషి కండరాలు సడలి, నాలుక వెనక్కు జారి గొంతును మూసివేస్తుంది. రక్తం, వాంతి, విరిగిన పళ్లు దీనికి తోడవుతాయి. ఇటువంటి వ్యక్తిని కూర్చోబెట్టి నోట్లో నీళ్లు పోయడం మన దేశంలో తరచుగా కనిపించే పొరపాటు. నోరు శుభ్రపరచి, మెడను కదల్చకుండా దవడను ముందుకు లేపితే చాలా సందర్భాల్లో శ్వాసమార్గం తెరుచుకుంటుంది. ఊపిరి ఆడుతున్నవారిని పక్కకు ఒత్తిగిల్లేట్లు పడుకోబెట్టడం మరొక సులభోపాయం.

అంబులెన్సు సిబ్బంది చేతిలో ఇంతకు మించిన సాధనాలు ఉంటాయి. నోటిలోని ద్రవాలను పీల్చివేసే సక్షన్ యంత్రం, ముఖానికి మాస్కు పెట్టి గాలి నొక్కే ఆంబూ బ్యాగ్, గొంతు పైభాగంలో అమరే ఐ-జెల్ వంటి పరికరాలు, చివరగా నేరుగా శ్వాసనాళంలోకి దింపే ఎండోట్రాకియల్ ట్యూబు వీటిలో ముఖ్యమైనవి. చివరిది అన్నిటికన్నా పటిష్ఠమైనదే గాని అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా. శ్వాసనాళంలోకి వెళ్లవలసిన గొట్టం పొరపాటున పక్కనే ఉన్న అన్నవాహికలోకి వెళితే, ఆ సంగతి వెంటనే గుర్తించకపోతే, కాపాడవలసిన చేతులే ప్రాణం తీసినట్లవుతుంది.

రిజిస్ట్రీ అంటే

ఒకే రకమైన చికిత్స పొందిన ప్రతి రోగి వివరాలనూ ఒకే నమూనాలో, విడిచిపెట్టకుండా, ఫలితం తేలేవరకూ నమోదు చేసే పట్టికనే క్లినికల్ రిజిస్ట్రీ అంటారు. ఈ భావన మన దేశానికి కొత్తది కాదు. భారత వైద్య పరిశోధన మండలి 1981లోనే జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అత్యవసర వైద్యంలో మాత్రం ఇది ఆలస్యంగా వచ్చింది. గుండె ఆగిపోయిన సంఘటనలను ఏ పదాలతో, ఏ కొలమానాలతో నమోదు చేయాలన్న విషయంపై 1990లో నార్వేలోని ఊట్‌స్టైన్ మఠంలో నిపుణులు సమావేశమయ్యారు. అప్పటి నుంచి ఆ నమూనాకు ‘ఊట్‌స్టైన్ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది. ఆస్పత్రి వెలుపల శ్వాసమార్గ చికిత్సకు ఇదే తరహా నమూనాను 2009లో ప్రకటించి, 2018లో సవరించారు.

పేరు ఎంత గంభీరంగా ఉన్నా, అందులో అడిగే ప్రశ్నలు సామాన్యమైనవే. పిలుపు ఎప్పుడు వచ్చింది, సిబ్బంది ఎప్పుడు చేరారు, వచ్చినవారి అర్హత ఏమిటి, రోగి స్పృహ, రక్తపోటు, రక్తంలోని ప్రాణవాయువు శాతం ఎంత, ఏ పరికరం వాడారు, ఎన్ని ప్రయత్నాలు చేశారు, గొట్టం సరైన చోట ఉన్నదని ఎలా నిర్ధారించారు, ఆస్పత్రికి చేరేసరికి రోగి పరిస్థితి ఏమిటి, చివరకు బతికాడా అన్నవే ఆ ప్రశ్నలు.

ఓర్లాండో అనుభవం

లెక్క రాస్తే ఏమి తేలుతుందో చెప్పడానికి అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర అనుభవం చాలు. ఓర్లాండోలోని ఒక ట్రామా కేంద్రానికి అంబులెన్సు సిబ్బంది గొట్టం అమర్చి తెచ్చిన 108 మంది రోగులను అక్కడి వైద్యులు వరుసగా పరీక్షించగా, 27 మందిలో గొట్టం తప్పు స్థానంలో ఉన్నట్లు తేలింది. 2001లో ఈ ఫలితం వెలువడేవరకు, అంటే నలుగురిలో ఒకరికి ఈ అపాయం జరుగుతున్నదని అక్కడ ఎవరూ ఊహించలేదు.

నాలుగేళ్ల తరువాత, 2005లో అదే ప్రాంతం నుంచి మరొక నివేదిక వచ్చింది. ఈసారి 153 మంది రోగులను పరిశీలించారు. విడిచే గాలిలోని బొగ్గుపులుసు వాయువును నిరంతరం కొలిచే కాప్నోగ్రఫీ యంత్రాన్ని వాడిన వారిలో గుర్తించకుండా మిగిలిపోయిన తప్పు ఒక్కటీ లేదు. వాడనివారిలో అటువంటివి 23.3 శాతం. గొట్టం ఊపిరితిత్తుల్లో ఉంటేనే ఆ వాయువు నిలకడగా బయటకు వస్తుంది కనుక తప్పు వెంటనే బయటపడుతుంది. మొదటి లెక్క లేకపోతే రెండవ మార్పుకు ప్రేరణే ఉండేది కాదు.

టెక్సాస్ రాష్ట్రంలోని విలియమ్సన్ కౌంటీ అంబులెన్సు విభాగం ఇంకొక అడుగు ముందుకు వేసింది. గొట్టం అమర్చే సమయంలో తమ రోగుల్లో 44.2 శాతం మందికి ప్రాణవాయువు ప్రమాదకర స్థాయికి పడిపోతున్నదని తమ రికార్డుల ద్వారానే ఆ విభాగం గుర్తించింది. రోగి తలవైపు కాస్త ఎత్తు చేయడం, ముందుగా తగినంత ప్రాణవాయువు ఎక్కించడం, ఆ స్థాయి నిలకడగా ఉంటే తప్ప గొట్టం జోలికి పోకపోవడం వంటి నియమాలను ఒక మూటగా అమలు చేయగా ఆ శాతం 3.5కు తగ్గింది. 2018లో ప్రచురితమైన ఈ ఫలితంలో కొత్త మందు గాని, అద్భుత యంత్రం గాని ఏదీ లేదు.

ఆరిజోనా రాష్ట్రంలో తలకు తీవ్ర గాయమైన వారి విషయంలో రాష్ట్ర ట్రామా రిజిస్ట్రీ ఆధారంగా జరిగిన కార్యక్రమం మరింత విశాలమైనది. ప్రాణవాయువు పడిపోకుండా, రక్తపోటు తగ్గకుండా, ఆంబూ బ్యాగ్‌ను అతివేగంగా నొక్కకుండా చూడాలని రాష్ట్రమంతటా సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. 21,852 మంది రోగుల వివరాలతో 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, మొత్తం మీద చూస్తే బతికినవారి నిష్పత్తిలో చెప్పుకోదగిన మార్పు లేదు. కాని తీవ్రమైన గాయాల వర్గంలో బతికే అవకాశం సుమారు రెట్టింపయింది. మేలు ఎవరికి జరిగిందో, ఎవరికి జరగలేదో విడదీసి చూపగలగడమే రిజిస్ట్రీ ప్రయోజనం.

అంకెలు తప్పుదారి పట్టించవచ్చు

కాగా, రిజిస్ట్రీ చెప్పినదల్లా వేదవాక్కు కాదనడానికి జపాన్ అనుభవమే సాక్ష్యం. 2005 నుంచి 2010 వరకు ఆ దేశంలో ఆస్పత్రి వెలుపల గుండె ఆగిన 6,49,359 మంది వివరాలను పరిశీలించగా, గొట్టం వంటి అధునాతన పరికరాలు వాడిన వారిలో 1.1 శాతం మంది, కేవలం ఆంబూ బ్యాగ్ వాడిన వారిలో 2.9 శాతం మంది మెదడుకు పెద్దగా హాని లేకుండా బయటపడ్డారని 2013లో వెల్లడైంది. పరికరమే హాని చేస్తున్నదని చాలామంది భావించారు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. గుండె రెండు మూడు నిమిషాల్లోనే తిరిగి కొట్టుకున్న రోగికి గొట్టం అవసరమే రాదు. ఎంతకూ కోలుకోని రోగికే గొట్టం వేస్తారు. కనుక పరికరం వాడినవారు మొదటి నుంచే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారు. ఈ కాలభేదాన్ని లెక్కలోకి తీసుకొని జపాన్ రిజిస్ట్రీనే 2019లో మరోసారి విశ్లేషించగా వెనుకటి తీర్పు నిలవలేదు. ఇంగ్లండులో 9,296 మంది రోగులపై జరిగిన పరీక్షలో ఐ-జెల్ వాడినవారిలో 6.4 శాతం, శ్వాసనాళపు గొట్టం వాడినవారిలో 6.8 శాతం మందికి మంచి ఫలితం వచ్చింది. అంటే చెప్పుకోదగిన తేడా లేనట్లే. అమెరికాలో 3,004 మందిపై జరిగిన పరీక్షలో లారింజియల్ ట్యూబు వాడినవారిలో 18.3 శాతం, శ్వాసనాళపు గొట్టం వాడినవారిలో 15.4 శాతం మంది 72 గంటలు దాటి బతికారు. ఈ రెండు పరీక్షలూ 2018లోనే వెలువడ్డాయి.

వీటి సారాంశం ఒక్కటే. ఏ పరికరం గొప్పది అన్న ప్రశ్నను రిజిస్ట్రీ ఒక్కటే తేల్చలేదు. మన సిబ్బంది చేతుల్లో, మన రోడ్ల మీద, మన దూరాల్లో ఏది సక్రమంగా జరుగుతోంది, ఏది జరగడం లేదు అన్న ప్రశ్నను మాత్రం అదే తేల్చగలదు. ప్రయత్నాల సంఖ్యను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆరిజోనాలోని ఒక విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో 1,828 మంది రికార్డులను పరిశీలించగా, మొదటి ప్రయత్నంలోనే గొట్టం అమరిన వారిలో 14.2 శాతం మందికి, రెండవ ప్రయత్నం అవసరమైన వారిలో 47.2 శాతం మందికి ఉపద్రవాలు కలిగాయి. అన్ని వసతులూ ఉన్న ఆస్పత్రిలోనే ఇలా ఉంటే, చీకటి రోడ్డు మీద రెండవ ప్రయత్నానికి ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించవలసి ఉంటుంది.

మన దేశంలో పరిస్థితి

మన దేశంలో ప్రయత్నాలు అసలే లేవనడం సరికాదు. 2013లో మొదలైన ‘టిట్కో’ అధ్యయనం ముంబయి, ఢిల్లీ, కోల్‌కతాల్లోని నాలుగు పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో దాదాపు 16,000 మంది క్షతగాత్రుల వివరాలు సేకరించింది. కోల్‌కతాలోని ఎస్.ఎస్.కె.ఎం. ఆస్పత్రి వాటిలో ఒకటి. తెలంగాణలోని వరంగల్ ప్రాంతంలో ఎం.జి.ఎం. ఆస్పత్రి కేంద్రంగా 2018లో ఆస్పత్రి వెలుపల గుండె ఆగిన వారి రిజిస్ట్రీని వైద్యులు నిర్వహించారు. పెద్ద నగరం కాని చోట కూడా ఈ పని సాధ్యమేనని ఆ ప్రయత్నం రుజువు చేసింది.

ఐ.ఐ.టి. మద్రాసు రూపొందించిన సమీకృత రోడ్డు ప్రమాదాల డేటాబేస్ అనేక రాష్ట్రాల్లో అమలవుతోంది. పోలీసు, రవాణా, రహదారులు, ఆరోగ్య శాఖలు అందులో వివరాలు చేర్చవలసి ఉంటుంది. కాని అది ప్రధానంగా ప్రమాదానికి, వాహనానికి, రోడ్డుకు సంబంధించినది. దారిలో ఊపిరి సంగతి దాని పరిధిలోనిది కాదు.

ఇదిలా ఉండగా, నీతి ఆయోగ్ కోసం ఢిల్లీలోని అఖిల భారత వైద్య శాస్త్రాల సంస్థ వంద ఆస్పత్రులను పరిశీలించి 2021లో ఇచ్చిన నివేదిక కలవరం కలిగించేదిగా ఉంది. 91 శాతం ఆస్పత్రుల్లో అంబులెన్సులు ఉండగా, శిక్షణ పొందిన పారామెడికల్ సిబ్బంది 34 శాతం ఆస్పత్రులకే ఉన్నట్లు అందులో వెల్లడైంది. బండి ఉన్నది, బండిలో మనిషి లేడు అన్నమాట. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవలు అనేక రాష్ట్రాలకు విస్తరించి ప్రజల నమ్మకాన్ని చూరగొన్నాయి. వాటి పనితీరును ఇప్పటికీ ప్రధానంగా ఎన్ని నిమిషాల్లో చేరారు, ఎందరిని తరలించారు అన్న కొలతలతోనే చూస్తున్నారు. పది నిమిషాల్లో చేరి ఊపిరి నిలపలేకపోయిన బండి కన్నా, పదిహేను నిమిషాల్లో చేరి నిలిపిన బండి మేలు. ప్రస్తుత కొలతలో మొదటిదానికే మార్కులు పడతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఖరగ్‌పూర్ వంటి పట్టణం ఈ ప్రయత్నానికి అనువైనదని చెప్పడానికి కారణాలున్నాయి. రైల్వే ఆస్పత్రి, సబ్‌డివిజనల్ ఆస్పత్రి ఊరిలోనే ఉన్నాయి. కంసావతి నది ఆవల దాదాపు 13 కిలోమీటర్ల దూరంలో మేదినీపూర్ మెడికల్ కాలేజీ ఉంది. ఇంకా తీవ్రమైన కేసులు కోల్‌కతాకు వెళ్లవలసి ఉంటుంది. 2001లో వైద్య శాస్త్ర, సాంకేతిక విభాగాన్ని నెలకొల్పిన ఐ.ఐ.టి. ఈ ఊరిలోనే ఉంది. రోగి వెళ్లే ఆస్పత్రులు నాలుగైదుకు మించనప్పుడు అతని జాడ ఫలితం వరకు పట్టుకోవడం మహానగరంలో కన్నా సులువు.

ఇందుకు ముందుగా కావలసినది ఒకే పేజీ పత్రం. వ్యాసాలు రాసే చోటు కాక, టిక్కు పెట్టే గళ్లు ఉంటే భాషాభేదం అడ్డురాదు. రెండవది, అంబులెన్సులో ఇచ్చిన నెంబరే ఆస్పత్రిలోనూ కొనసాగడం. అంబులెన్సు కాగితం ఒక చోట, ఆస్పత్రి కేసు షీటు మరొక చోట ఉండిపోతే రోగి బతికాడా లేదా అన్నది సిబ్బందికి ఎన్నటికీ తెలియదు. మూడవది, నెలకొకసారి ఆ వివరాలు సిబ్బంది ముందు ఉంచి చర్చించడం. తిరిగి చెప్పని లెక్క గుమాస్తా పనిగా మిగులుతుందే తప్ప వైద్యాన్ని మార్చదు.

రైల్వేకు ఇందులో ప్రత్యేక బాధ్యత ఉంది. సుప్రీంకోర్టు ఆదేశాలు, వైద్య నిపుణుల సంఘం సిఫారసుల మేరకు ప్రయాణికుల రైళ్లలో, స్టేషన్లలో ప్రాణవాయువు సిలిండరుతో సహా మందుల పెట్టెలు ఉంచాలని రైల్వే శాఖ నిర్ణయించింది. ముందువరుస సిబ్బందికి ప్రథమ చికిత్సలో శిక్షణ కూడా ఇస్తున్నది. ఆ పెట్టెను ఎన్నిసార్లు తెరిచారు, ఎవరు తెరిచారు, రోగి ఏమయ్యాడు అన్న వివరాలు కూడా అదే రిజిస్ట్రీలో చేరితే పెట్టెలో ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో అనుభవమే చెబుతుంది. బహనాగ గ్రామస్థులను గుర్తుంచుకుంటే, తొలి సహాయకుడు తరచు సామాన్య మానవుడేనన్న విషయాన్ని పత్రంలో మొదటి గడిగా చేర్చడం అవసరం.

అభ్యంతరాలు

ఇటువంటి నమోదుకు సిబ్బంది జంకడం సహజం. గొట్టం తప్పు చోట పడిందని నిజాయితీగా రాసిన ఉద్యోగికి మరుసటి రోజు మెమో అందితే, మూడవ రోజు నుంచి ఎవరూ నిజం రాయరు. బ్రిటన్‌లో మత్తు వైద్యుల కళాశాల 2011లో వెలువరించిన నాలుగవ జాతీయ పరిశీలన శ్వాసమార్గ ఉపద్రవాలను నిందలకు తావులేని రీతిలో సేకరించింది. ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లో సంభవించిన మరణాల్లో అధికభాగానికి కాప్నోగ్రఫీ వాడకపోవడం దోహదం చేసిందని ఆ పరిశీలన వెల్లడించగలిగింది. మన దేశంలో సహాయం చేసిన దారినపోయేవారికి మోటారు వాహనాల చట్టంలోని 134-ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది. నిజం రాసిన అంబులెన్సు ఉద్యోగికీ అటువంటి భరోసా కావాలి. పారామెడికల్ సిబ్బందికి వృత్తిపరమైన గుర్తింపు కల్పించే 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం అందుకు ఒక దారి కాగలదు.

రోగి గోప్యత మరొక అంశం. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని, పేర్లను వేరుచేసి నెంబర్లతోనే విశ్లేషణ జరపవలసి ఉంటుంది. ఇక పని భారం సంగతి. పత్రం నింపుతూ రోగిని వదిలేయడం కన్నా అనర్థం లేదు. కనుక రోగిని ఆస్పత్రికి అప్పగించిన తరువాతనే నమోదు జరగాలి. గళ్లు ఎంత తక్కువగా ఉంటే అంత నిజం వస్తుంది.

వ్యయం విషయానికి వస్తే, అధునాతన జీవరక్షక అంబులెన్సు ఒక్కదాని ధరతో పోల్చితే ఒక పట్టణానికి కావలసిన పత్రాలు, ఒక గణాంక గుమాస్తా జీతం స్వల్పమే. ఏ పరికరం కొనాలో, ఎవరికి ఏ శిక్షణ ఇవ్వాలో తెలియకుండా కొనుగోళ్లు జరిపితే అయ్యే దుబారా అంతకన్నా ఎక్కువ.

లక్షన్నర రూపాయల పథకం ఆస్పత్రిలో చేరినవారికి అండ. చేరేలోగా ఊపిరి ఆగినవారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అటువంటివారు ఎందరో, వారిలో ఎందరిని కాపాడి ఉండవచ్చునో తెలియాలంటే ముందు లెక్క రాయాలి. కోల్‌కతా నుంచి చెన్నై దాకా ఒకే రహదారి, ఒకే రైలు మార్గం సాగుతున్నప్పుడు ఖరగ్‌పూర్‌లో మొదలైన పత్రం శ్రీకాకుళంలో, రాజమండ్రిలో, నెల్లూరులో పనికిరాకపోదు.